బూడిద దిబ్బ సర్వేలో తోడేళ్ళు: గ్రిడ్ మధ్యలో బొరియ ఉంటే పని ఎలా సాగించాలి?

#1 పెంకులవేట · అనంతపురం జిల్లా

అందరికీ నమస్తే. పీహెచ్‌డీ కోసం కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు నవీన శిలాయుగపు చోట్లు నడిచి చూస్తున్నాను. ప్రస్తుతం ఒక బూడిద దిబ్బ (ఆ కాలంవాళ్ళు పశువుల పేడ పోగేసి కాల్చిన కుప్ప) చుట్టూ ఉపరితల సర్వే నడుస్తోంది. ఊరి పేరు చెప్పను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

దిబ్బకి పడమర ఒక వంక ఉంది. గట్టు కోసుకుపోయిన చోట సర్కారు తుమ్మ వేళ్ళ కింద ఒక బొరియ. మా గ్రిడ్‌లో (సర్వే కోసం తాళ్ళతో కట్టుకునే గళ్ళు) చివరి వరస సరిగ్గా దాని మీదుగా పోతుంది. మొన్న తెల్లవారుజామున తాడు కట్టడానికి వెళ్తే గట్టు మీద ఒక జంతువు కూర్చుని ఉంది. కుక్క అనుకున్నాం. మొరగలేదు, పరిగెత్తలేదు. లేచి నాలుగడుగులు పక్కకి వేసి, ఆగి, మళ్ళీ మావైపు చూసింది. కాళ్ళు పొడుగు, మెడ మీద నలుపు కలిసిన బూడిద రంగు జుట్టు. కాసేపటికి కంపలోంచి రెండోది వచ్చింది, నోట్లో ఏదో కరుచుకుని. మాతో వచ్చిన కూలీ పెద్దాయన "తోడేలు సార్, పిల్లలు పెట్టింది" అని అక్కడే నిలబడిపోయాడు.

అసలు చిక్కు ఇప్పుడు చెప్తాను. బొరియ నోటి ముందు అవి తవ్విపోసిన మట్టి కుప్ప ఉంది. బైనాక్యులర్స్‌లో చూస్తే ఆ మట్టిలో తెల్లటి బూడిద, నాలుగైదు బూడిద రంగు కుండ పెంకులు, ఒక డాలరైట్ (గట్టి నల్లరాయి) పెచ్చు లాంటిది కనిపిస్తున్నాయి. అంటే గట్టు కింద కూడా పాత నేల ఉంది! దిబ్బ విస్తీర్ణం మేం అనుకున్నదానికన్నా ఎక్కువ కావచ్చు. వెళ్ళి చూడాలని చేతులు దురదపెడుతున్నాయి.

ఇవి ఎన్నాళ్ళు ఉంటాయి? మేం ఎంత దూరంలో పని చేసుకోవచ్చు? ఇలాంటి పరిస్థితి ఎదురైనవాళ్ళు చెప్పండి.

#2 గడ్డిమైదానం · నంద్యాల

ముందు ఆ వరస గ్రిడ్‌లోంచి కొట్టెయ్యండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీరు చెప్పిన పోలికలు తోడేలువే. ఇంకా అనుమానం ఉంటే మెత్తటి మట్టిలో అడుగులు చూడండి. ఊరకుక్క అటూ ఇటూ వాసన చూస్తూ వంకరగా పోతుంది. తోడేలు పని మీద పోయే మనిషిలా తిన్నగా పోతుంది, వెనక కాలు దాదాపు ముందు కాలి అడుగులోనే పడుతుంది. పెంటిక చూస్తే అందులో వెంట్రుకలు, ఎముక ముక్కలు ఉంటాయి. ఎండితే తెల్లబడుతుంది. బండిదారి మలుపుల్లో, కాస్త ఎత్తుగా ఉన్న రాళ్ళ మీద కావాలనే వేస్తాయి, హద్దు చెప్పడానికి.

మన దక్కనులో ఎక్కువగా చలికాలంలోనే పిల్లలు పెడతాయి. కడుపుతో ఉండేది రెండు నెలల పైన రెండు మూడు రోజులు. పిల్లలు దాదాపు రెండు వారాలకి కళ్ళు తెరుస్తాయి, మూడో వారం దాటాక బయటకి తల పెడతాయి, రెండున్నర మూడు నెలలకి బొరియని వదిలేస్తాయి. మీ తవ్వకాల సీజనూ డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకానే కదా! ఇద్దరికీ ఒకే చోటు, ఒకే కాలం కావాలి.

మనుషులు దగ్గరికి వచ్చారని తెలిస్తే తల్లి పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని వేరే చోటికి మారుస్తుంది. ఆ మార్పిడిలోనే పిల్లలు పోతాయి: ఎండకి, కుక్కలకి, రోడ్డు మీద. అందుకని కనీసం అర కిలోమీటరు వదలండి. గాలి మీ వైపు నుంచి బొరియ వైపు వీచే పూట ఇంకా ఎక్కువ. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ అటు అసలు పోవద్దు, అవి తిరిగే వేళలు అవే. మీ పని ఎండ ముదిరాక పెట్టుకోండి. కష్టమే, కానీ పెంకులు ఎండలో కూడా కనబడతాయి.

రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. ఆ గడ్డిలోనే కృష్ణజింకలూ, వాటి వెంట తోడేళ్ళూ. నేను అక్కడ నేర్చుకున్నది ఒకటే: వెతుక్కుంటూ పోతే కనబడవు, ఒక చోట కదలకుండా కూర్చుంటే వాటంతట అవే వస్తాయి.

#3 జీవాలోడు · రాయదుర్గం

అన్నా, పుస్తకాల సంగతి మీకు తెలుసు, మంద సంగతి మేం చెప్తాం. మాది కురబోళ్ళ ఇల్లు, గొర్రెలే బతుకు.

తోడేలు మంద మీద పడేది ఎక్కువ మబ్బుతోనే, తెల్లారకముందే. పగలు గూడా వస్తాది, గొర్రెలు వంక దిగేటప్పుడు. ఒకటి ముందర కనబడి కుక్కల్ని తన వెంట లాక్కపోతాది, ఇంకోటి వెనకమాల నుంచి వచ్చి పిల్లని ఎత్తుకుంటాది. మా నాయన దాన్ని తిట్టేది ఎంత తిట్టినా ఆ తెలివికి మాత్రం మొక్కుతాడు.

రాత్రి మందని ఎవరిదో ఒకరి చేన్లో ఆపుతాం. ఎరువు పడతాది కాబట్టి రైతు దుడ్లన్నా ఇస్తాడు, గింజలన్నా ఇస్తాడు. ముందు ముళ్ళకంప కొట్టి చుట్టూ వేసేవాళ్ళు, ఇప్పుడు నైలాను వల. చిన్న పిల్లల్ని గంపల కింద మూసిపెడతాం. వల మోసుకపోయేకి తేలిక, అంతే. కంపయితే మూతికి గుచ్చుకుంటాది. వలనైతే కిందనుంచి తోసి దూరుతాది.

పోయిన జీవానికి పరిహారం ఇస్తాం అంటారు. పోతే కళేబరం చూపించు అంటారు. పదిహేను దినాల గొర్రెపిల్లని తోడేలు ఎత్తకపోతే కళేబరం యాడుంటాది? కాళ్ళు కూడా మిగలవు.

ఆ వంక కాడికి నువ్వు పోవద్దులే గానీ, ఊర్లో ఎవురికీ చెప్పొద్దు. బొరియకి పొగబెట్టేవాళ్ళు ఇంకా ఉండారు.

#4 పాలమూరు_పోరడు · మక్తల్

మంచి ముచ్చట వెట్టిన్రు. మా దిక్కు ఉట్నూరు ఉన్నది (ఆదిలాబాదు ఉట్నూరు కాదు, ఇది పాత మహబూబ్‌నగర్ జిల్లాది). 1957ల ఎఫ్.ఆర్. ఆల్చిన్ అనే ఇంగ్లీషాయన ఆడి బూడిద దిబ్బను తవ్విండు. అండ్ల ఏం దొరికింది? చుట్టూత పాతిన గుంజల గుంతలు, ఒక కంచె లోపల ఇంకో కంచె. కాలింది, మళ్ళ కట్టిన్రు, మళ్ళ కాలింది. నేల మీద పశువుల గిట్టల అచ్చులు ఎట్లున్నయి అట్లనే ఉన్నయట. నాలుగు వేల ఏండ్లు దాటిన గిట్టలు!

నా ప్రశ్న ఒక్కటే. అంత మంది కూడి అన్ని మొద్దులు నరికి పాతి అంత గట్టి కంచె గట్టింది ఎవలికి భయపడి? జీవాలన్న చెప్పినంక నాకైతే జవాబు దొరికింది. తోడేలుకే.

#5 తవ్వకాలతాత · పుణె

పోరడు గారూ, ఉత్సాహం బాగుంది, కానీ కొంచెం నెమ్మది.

ఉట్నూరు కంచె లోపల ఉన్నవి ముఖ్యంగా ఆవులూ ఎద్దులూ. దక్షిణ నవీన శిలాయుగంలో ఎముకల లెక్క ఎక్కడ తీసినా పశువులదే పైచేయి, గొర్రె మేకలు తర్వాత. మన తోడేలు బరువు సుమారు ఇరవై కిలోలు. అది దూడని పడుతుంది గానీ నిబ్బరమైన ఎద్దు జోలికి తొందరగా పోదు. ఆ రోజుల్లో పులి ఉంది, చిరుత ఉంది, రేచుకుక్కల గుంపులు ఉన్నాయి. వాళ్ళందరికన్నా పెద్ద భయం ఇంకోటి ఉండొచ్చు: పక్క ఊరివాడు. మన సీమలో వీరగల్లులు చూడండి, ఆవుల మందని తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాళ్ళవే ఎన్నో. అవి చాలా తర్వాతి కాలానివి, నిజమే. అయినా పశువే ఆస్తి అయిన చోట దొంగతనం కొత్తగా పుట్టుకు రాదు కదా.

ఇంకో సంగతి. కంచె కాలడం ప్రమాదం కాకపోవచ్చు. పేడ పోగేసి పదే పదే తగలబెట్టడం వెనక పండగ ఉందని ఆల్చిన్ అభిప్రాయం. హోళీ, దీపావళి, పొంగలి మంటలతో పోల్చాడు. సంక్రాంతికి పశువులని మంట మీదుగా దాటించే ఊళ్ళు కర్ణాటకలో ఇప్పటికీ ఉన్నాయి. దిబ్బ అంటే ఒట్టి దొడ్డి కాదు, మన పురావస్తు పండితులు కట్రగడ్డ పద్దయ్య గారు 1990లలో కర్ణాటకలో షోరాపూర్ వైపు బుదిహాళ్ దిబ్బ తవ్వి, పక్కనే ఇళ్ళూ, జంతువులని కోసి పంచుకున్న నేలా కూడా చూపించారు. ఊరంతా అక్కడే బతికింది.

పెంకులవేట గారికి: పాలవాయి అనే పాతచోటు మీద వి. రామిరెడ్డి గారు చేసిన పని చూసే ఉంటారు. మీ జిల్లాదే. వంక గట్టు మీద బూడిద కనిపించిందంటే అది దిబ్బ నుంచి కొట్టుకొచ్చిన బూడిదా, అక్కడే కాలిన బూడిదా అన్నది తేలేదాకా విస్తీర్ణం గురించి మాట్లాడొద్దు. తోడేలు తవ్విపోసిన మట్టిలో పెంకుకి పొరా లేదు, లోతూ లేదు. దానికోసం పిల్లతల్లిని కదిలించడం పాపం సంగతి అటుంచి, పనికిరాని పని.

#6 డల్లాస్_సీమబిడ్డ · టెక్సస్

చదువుతుంటే ఊరు గుర్తొస్తోంది. పోయిన వేసవిలో పిల్లలతో యెల్లోస్టోన్ వెళ్ళాం. అక్కడ తోడేళ్ళని పూర్తిగా చంపేసి, మళ్ళీ 1995, 96లలో కెనడా నుంచి 31 తెచ్చి వదిలారు. లామార్ లోయలో తెల్లవారకముందే జనం రోడ్డు పక్కన టెలిస్కోపులు నిలబెట్టుకుని కాచుకుని ఉంటారు. తోడేలుకి వంద గజాల లోపు పోకూడదని రూలు. మన దగ్గర ఇలాంటి ఏర్పాటు చేస్తే టూరిజం పెరగదా?

#7 గడ్డిమైదానం · నంద్యాల

@డల్లాస్_సీమబిడ్డ అక్కడ పార్కు లోపల ఊళ్ళు లేవండీ, మందలు లేవు. ఇక్కడ తోడేలు బతికేదే మంద వెనక. దాని అడవి మన పొలం గట్టు, బీడు, వంక. జనం వచ్చి నిలబడితే మొదట నష్టపోయేది జీవాలోడు గారి లాంటివాళ్ళు. కాకపోతే పక్కన కొప్పళ జిల్లాలో గంగావతి తాలూకా బంకాపుర దగ్గర తోడేళ్ళ కోసమే అభయారణ్యం పెట్టారు. అదే తాలూకాలో హిరేబెణకల్ రాక్షసగుళ్ళు (పెద్ద బండలతో కట్టిన పాతకాలపు సమాధులు), గుట్ట మీద వందల కొద్దీ నిలబడి ఉన్నాయి. పాతరాళ్ళూ తోడేళ్ళూ రెండూ పిచ్చి ఉన్నవాళ్ళకి అంతకన్నా మంచి చోటు లేదు.

#8 నిర్వాహకుడు

ఒక సభ్యుడు పెట్టిన ఫోటో తీసేశాను. అందులో జీపీఎస్ వివరాలు అలాగే ఉన్నాయి. బొరియ చోటు గానీ, రక్షణ లేని పురాతన స్థలం చోటు గానీ ఇక్కడ ఎవరూ పెట్టవద్దు. ఒకటి పెడితే వేటగాళ్ళు వస్తారు, రెండోది పెడితే నిధుల వాళ్ళు వస్తారు.

#9 ఎముకలబడి · హైదరాబాదు

నాకు పాత ఎముకల మీద పంటిగాట్లు చూసే పని. తాతగారి మాటకీ పోరడి మాటకీ మధ్య ఒకటి చెప్పాలనిపించింది.

తవ్వకంలో తోడేలు ఎలా కనబడుతుంది? దాని ఎముక దొరకాలి, లేదా అది నమిలిన ఎముక దొరకాలి. కుక్క జాతి ఏది నమిలినా ఎముక చివరలు ముందు పోతాయి, మధ్య గొట్టం మిగిలి దాని మీద గుంటలు, అడ్డగీతలు పడతాయి. ఏదుపంది కొరికితే వేరు: ఉలితో చెక్కినట్టు పక్కపక్కనే సమానంగా గాట్లు పడతాయి. దుమ్ములగొండి అయితే ఎముకల్ని తన గుహకి మోసుకుపోయి కుప్ప పెడుతుంది. మన బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ 1884-85లో తవ్వినప్పుడు బయటపడ్డ ఎముక పనిముట్ల మీద చాలాకాలం అనుమానాలు నడిచాయి. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి గారు ముచ్చట్ల చింతమాను గవి (గుహ) తవ్వి మళ్ళీ ఎముక పనిముట్లు చూపించాకే మాట నిలబడింది.

కానీ తోడేలు నమిలిందా, ఊరకుక్క నమిలిందా అన్నది గాటు చూసి తేల్చడం చాలా కష్టం. ఊళ్ళో పారేసిన ఎముకని కుక్క నమలడమే ఎక్కువ. తోడేలు ఎత్తుకుపోయిన గొర్రెపిల్ల ఊరికి తిరిగి రాదు, మన ట్రెంచిలోకి ఎప్పటికీ రాదు. జీవాలోడు గారు అన్నదే నేనూ అంటున్నాను, కళేబరం లేదు. పరిహారం ఇచ్చేవాళ్ళకి సాక్ష్యం దొరకనట్టే మాకూ దొరకదు. ఎముకల పట్టికలో తోడేలు దాదాపు లేదు కాబట్టి వాళ్ళ బతుకులో తోడేలు లేదని రాయడం తప్పు. నాలుగు వేల ఏళ్ళ కింద అది వాళ్ళ మంద చుట్టూ తిరిగిందనడానికి మిగిలే గుర్తు ఏదైనా ఉంటే, అది కంచె వైపే ఉంటుంది. పోరడు తొందరపడ్డాడు గానీ చూడాల్సిన చోటే చూశాడు.

తోడేలుని మనిషి పక్కన చూడాలంటే కశ్మీరు పోవాలి. బుర్జహోమ్‌లో నవీన శిలాయుగపు వాళ్ళు కుక్కల్నీ తోడేలునీ కూడా గుంతల్లో పాతిపెట్టారు. దక్షిణాన ఆ పద్ధతి కనబడదు.

#10 తవ్వకాలతాత · పుణె

ఎముకలబడి గారి మాట ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. కంచె ఎత్తు మనకి తెలియదు, మనకి దొరికేది గుంజ పాతిన గుంత మాత్రమే. గుంజల మధ్య ఎడం ఎంత, మధ్యలో కంప అల్లారా లేదా అన్నది తేలితే అప్పుడు ఏ జంతువుని ఆపగలదో లెక్క కట్టొచ్చు. దూడ బయటకి పోకుండా ఆపే కంచె వేరు, తోడేలు లోపలికి రాకుండా ఆపే కంచె వేరు. జీవాలోడు గారిని అడుగుతున్నా: ముళ్ళకంప దొడ్డికి కింద ఏం చేసేవాళ్ళు?

#11 జీవాలోడు · రాయదుర్గం

కంప మొదలు లోపలికి, కొసలు బయటికి పెడతాం సామీ. ముళ్ళు దానికి ఎదురుగా ఉండాల. కొట్టిన కంపని ఊరికే పడెయ్యరు, కర్రతో అదిమి అదిమి నేలకి అతికిస్తారు, మీద రాళ్ళు పెడతారు. తోడేలు ఎగిరి దూకేది తక్కువ, తవ్వేదీ దూరేదీ ఎక్కువ. ఎత్తు నడుం దాకా ఉంటే చాలు, కింద సందు ఉంటే మాత్రం మంద పాయె. దొడ్డి తీసేసినాక రెండు మూడు ఏండ్లు దాకా ఆ రాళ్ళు గుండ్రంగా అట్నే ఉంటాయి. లోపల గడ్డి వేరే రంగులో మొలుస్తాది.

ఇంకోటి. మల్లయ్య దేవుని పక్కన కుక్క ఎందుకుంటాదో అడగండి ఎవరన్నా. మందకి కుక్క లేకుంటే దేవుడు గూడా కాయలేడు.

#12 తవ్వకాలతాత · పుణె

ఇది రాసి పెట్టుకోండి అందరూ. గుండ్రటి రాళ్ళ వరస, లోపల గడ్డి రంగు. వదిలేసిన దొడ్లని కొలిచి పటం గీస్తే దిబ్బల సర్వేలో సగం ప్రశ్నలకి దారి దొరుకుతుంది. ఎం.ఎల్.కె. మూర్తి గారు, జర్మన్ పండితుడు సోంత్‌హైమర్ కలిసి 1980లోనే కురబ, గొల్ల కథలనీ దేవుళ్ళనీ పట్టుకుని ఇటువైపు దారి వేశారు. ఆ దారిన ఎక్కువమంది నడవలేదు.

#13 గడ్డిమైదానం · నంద్యాల

కుక్క మాట వచ్చింది కాబట్టి: ఇప్పుడు తోడేలుకి పెద్ద ముప్పు మంద కుక్కలు కాదు, ఊరి బయట చెత్త తిని పెరిగిన గుంపులు. డిస్టెంపర్, పార్వో, రేబిస్ లాంటి జబ్బులు వాటి నుంచే అంటుతున్నాయి. పుణె దగ్గర తోడేలు, కుక్క కలిసి పుట్టిన సంకరాలు ఉన్నాయని 2023లో జన్యు పరీక్షలో తేలింది. దేశమంతా కలిపి తోడేళ్ళు మూడు వేల పైచిలుకు అని అంచనా. పులికున్న పేరు దీనికి లేదు గానీ 1972 చట్టంలో రెండూ మొదటి షెడ్యూల్‌లోనే ఉన్నాయి.

రెండో ముప్పు రికార్డుల్లో ఉంది. గడ్డి నేలని మన కాగితాల్లో బీడు, బంజరు అని రాస్తారు. ఎవరికీ పనికిరానిదని సోలారు ప్లాంట్లకి ఇస్తారు, తుమ్మ నాటుతారు. బూడిద దిబ్బ కూడా ఆ బంజరులోనే ఉంటుంది, దాన్నీ ఎవరూ పట్టించుకోరు.

#14 పెంకులవేట · అనంతపురం జిల్లా

అందరికీ చాలా థాంక్స్. ప్లాను మార్చాం. పడమటి వరసలు మొత్తం వదిలేసి తూర్పు, దక్షిణం వైపు గళ్ళు పూర్తి చేస్తున్నాం. మా గైడు గారు మొదట ఒప్పుకోలేదు, ఎముకలబడి గారి పోస్టు చదివి వినిపించాక మెత్తబడ్డారు.

కొలతల కోసం టోటల్ స్టేషన్‌ని (దూరదర్శిని ఉన్న సర్వే యంత్రం, దూరాన పెట్టిన ప్రిజానికి గురిపెట్టి కొలుస్తుంది) దిబ్బ మీద నిలబెట్టాం. బొరియకి చాలా దూరం, గాలి కూడా మా వైపే. నిన్న సాయంత్రం ప్రిజం కోసం తిప్పుతుంటే దూరదర్శినిలో వంక గట్టు పడింది. పెద్దది ఒకటి ఎక్కడినుంచో వచ్చింది, పొట్ట నిండుగా ఉంది. పిల్లలు బొరియలోంచి దొర్లుకుంటూ వచ్చి దాని మూతిని కింద నుంచి పొడిచాయి, నాకాయి. అది తల వంచి కక్కింది. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి తింటుంటే అది పక్కకి జరిగి మట్టి కుప్ప మీద పడుకుంది, మా పెంకుల మీదే! రీడింగ్ తీసుకోవాల్సిన కుర్రాడు "సార్, నంబరు చెప్పండి" అని అరిచేదాకా నేను కంటిచూపు తిప్పలేదు.

సర్వేలో ఇంకో పని కలుపుకున్నాను. జీవాలోడు అన్న చెప్పిన రాళ్ళ దొడ్లు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఒక్కోదాన్ని ఎవరు కట్టారు, ఎప్పుడు వదిలేశారు అని ఊళ్ళో అడిగి, లోపలా బయటా మట్టి నమూనా తీస్తున్నాం.

ఒక చెడ్డ వార్త. దిబ్బ ఉత్తరం అంచున ట్రాక్టరు జాడలు ఉన్నాయి. బూడిదని చేలకి ఎరువుగా తోలుకుపోతున్నారు. దిబ్బకి రక్షణ బోర్డు లేదు. ఎవరికి చెప్పాలి?

#15 ఎముకలబడి · హైదరాబాదు

దొడ్ల పని చాలా మంచిది. మట్టిలో ఫాస్ఫేటు చూడండి, పేడ పడిన చోట పెరుగుతుంది. తోడేళ్ళు బొరియ వదిలాక, అనుమతి తీసుకుని, చుట్టూ మిగిలిన ఎముకలు ఫోటోలు తీసి నాకు పంపితే రుణపడి ఉంటాను. పోల్చడానికి మన దక్కను తోడేలు నమిలినవి నా దగ్గర లేవు.

#16 పాలమూరు_పోరడు · మక్తల్

బూడిద తోలుడు మా దిక్కు కూడ ఉన్నది. కొట్లాటకు పోతే పని కాదు. సర్పంచికి, తహసీల్దారుకు కాయితం రాయున్రి, ఒక నకలు రాష్ట్ర పురావస్తు శాఖకు. సర్వే నంబరు తప్పకుండ రాయున్రి. లేకపోతే ఎక్కడిదో తెల్వదని పక్కకు వెడ్తరు.

#17 గడ్డిమైదానం · నంద్యాల

ఆ కాగితంలో బొరియ ఊసు ఎత్తొద్దు. దాని సంగతి అటవీ శాఖ రేంజరుకి విడిగా, నోటితో చెప్పండి.

#18 జీవాలోడు · రాయదుర్గం

ట్రాక్టరోళ్ళు ఎవరో కనుక్కుంటా. మా మంద వచ్చే వారం ఆ పక్కకే వస్తాది, చేను మాట్లాడుకున్నాం. పిల్లల్ని గంపల కింద పెట్టి నలుగురం కాపలా ఉంటాం, నువ్వు భయపడొద్దు. తోడేలు మా జోలికి రాకుంటే మేం దాని జోలికి పోము. వస్తే మాత్రం తరుముతాం, అది నువ్వు రాసుకో. రాత్రికి రాగిసంకటి ఉంటాది, దొడ్డి కొలిచే తాడు తెచ్చుకో.